సీటు కింద పసుపుపచ్చ కప్లర్లు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ మూడంకెలూ చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. హెచ్చరిక ఎత్తేసి, లంకల్లో బురద ఎండి, జనం ఇళ్లు కడుక్కోవడం అయ్యాక, రెండు మూడు వారాలకి మా షాపుకి కార్లు రావడం మొదలవుతుంది. పైకి చూస్తే ఏ లోపమూ ఉండదు. శుభ్రంగా కడిగించి, మ్యాట్లు ఎండబెట్టి, లోపల సెంటు డబ్బా కూడా పెట్టి తెస్తారు. ఇంజను చక్కగా ఆడుతుంది. ఏసీ వస్తుంది. మీటర్ బోర్డులో ఒక ఎర్రలైటు మాత్రం ఆరదు. కూర్చున్న మనిషి బొమ్మ, ఎదురుగా గుండ్రటి బుడగ.

“బండి బాగానే ఉందండి. ఈ లైటొక్కటే చిరాగ్గా ఉంది. తీసేయండి, చాలు” అంటారు.

అలా తీసేసే షాపులున్నాయి. ఆ లైటు ఎందుకు వెలుగుతుందో, సీటు కింద ఏముందో, దాన్ని ఎలా బాగుచేయాలో, ఎక్కడ చేయి పెట్టకూడదో కారున్న ప్రతి ఇంటికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

నాది రావులపాలెంలో ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఇటు గౌతమి వంతెన, అటు సిద్ధాంతం దగ్గర వసిష్ఠ వంతెన, మధ్యలో మేము. హైవే బండ్లు వస్తాయి, అమలాపురం, రాజోలు వైపు నుంచి కోనసీమ బండ్లు వస్తాయి, ఏరు దాటి తణుకు, పాలకొల్లు, భీమవరం వాళ్లూ వస్తారు. పని నేర్చుకున్నది మాత్రం రాజమండ్రిలో, అంబాసిడర్లు ఇంకా జోరుగా తిరిగే రోజుల్లో. డైనమో చుట్టడం, సెల్ఫ్ మోటారుకి బుష్షులు మార్చడం, హెడ్‌లైట్లకి రిలే పెట్టడం, అదే అప్పటి ఎలక్ట్రీషియన్ పని. సీటు కింద చేయి పెడితే స్ప్రింగులూ కొబ్బరిపీచూ తగిలేవి, అంతే.

1986 ఆగస్టు వరదకి భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకి ఎక్కింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోయాయి. అప్పుడు మునిగిన కార్లని ఎలా లేపారో మా మేస్త్రిగారు చెబుతుండేవారు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి పొడిగుడ్డతో తుడిచి, ప్లగ్గులు ఎండబెట్టి, ఆయిళ్లు మార్చి రోడ్డెక్కించేవారట. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులు చూసింది, ధవళేశ్వరం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మునిగినవి మాత్రం అప్పటి కార్లు కావు. మన ఆలోచనేమో ఇంకా అంబాసిడర్ దగ్గరే ఉంది. నీళ్లు పోయాయి, ఎండ కాసింది, ఇంజను స్టార్టయింది, కాబట్టి కారు బాగున్నట్టే అనుకుంటాం.

ఇవాళ్టి కారు ముందు సీటు కిందకి ఓసారి తల దించి చూడండి. కార్పెట్టు లోంచి వైర్ల కట్ట ఒకటి పైకి వచ్చి సీటు అడుగుకి తగులుకుని ఉంటుంది. మధ్యలో రెండు మూడు ప్లాస్టిక్ కప్లర్లు. తెల్లదో నల్లదో అయితే బెల్టు బకిల్‌లో ఉండే స్విచ్చుది, సీటు మోటార్లది, సీటులో గాలి వచ్చే ఫ్యానుది. పక్క సీటైతే అందులో మనిషి కూర్చున్నాడా లేదా అని చూసే సెన్సారుది కూడా ఉంటుంది. కొన్ని మైల్డ్ హైబ్రిడ్ కార్లకి చిన్న లిథియం బ్యాటరీ కూడా ముందు సీటు కిందే పెట్టారు. ఇక పసుపుపచ్చగా కనిపించేది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థది. సీటు వీపు పక్కన, తలుపు వైపు కుట్టులో, మడత పెట్టి దాచిన సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి పోయే వైరు అది. కొన్ని కార్లలో ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టుని బిగించే టెన్షనర్‌కి కూడా అలాంటి పసుపు వైరే పోతుంది. ఏ దేశంలో తయారైన కారైనా దాదాపు ఇదే రంగు వాడతారు. మెకానిక్ చేయి అక్కడ ఆగాలనే ఆ రంగు.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగూ, ముందు సీట్ల బెల్టు రిమైండరూ తప్పనిసరి. 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకి పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ కూడా తప్పనిసరి చేశారు, ఆ తర్వాత పాత మోడళ్లకీ వచ్చింది. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ స్టార్ రేటింగు మొదలైంది. ఇప్పుడు మధ్యతరగతి కొనే చిన్న కార్లలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. అంటే సీటు పక్కన బ్యాగు, సీటు కింద పసుపు కప్లరు ఇప్పుడు పెద్ద కార్లకి మాత్రమే ఉండే వస్తువులు కావు. మండపేట సంతకి వెళ్లే కారులోనూ ఉంటాయి.

ఆ పసుపు వైరు చివర జరిగే పని చాలా చిన్నది. ఎయిర్‌బ్యాగ్ వెనకాల ఒక ఇగ్నైటర్ ఉంటుంది, లోపల వెంట్రుక లాంటి తీగ, చుట్టూ మందు. దాని రెసిస్టెన్సు సుమారు 2 ఓములు. కారుకి గుద్దు తగిలిందని సెన్సార్లు చెప్పగానే కంట్రోల్ మాడ్యూలు ఆ తీగలోకి ఒక ఆంపియరు పైచిలుకు కరెంటుని రెండు మిల్లీసెకన్ల పాటు పంపుతుంది. తీగ వేడెక్కి మందు అంటుకుంటుంది, గ్యాసుతో బ్యాగు నిండుతుంది. ముందు నుంచి గుద్దితే మనిషికీ గుద్దుకీ మధ్య బానెట్ ఉంది, ఇంజను ఉంది. పక్క నుంచి గుద్దితే తలుపు రేకొక్కటే. అందుకని సైడ్ బ్యాగు మరీ తొందరగా విచ్చుకోవాలి. అంత తక్కువ వ్యవధిలో, అంత చిన్న కరెంటు, ఏ అడ్డూ లేకుండా ఆ కప్లరు పిన్నులు దాటిపోవాలి.

అందుకే తాళం తిప్పినప్పుడల్లా మాడ్యూలు ఆ దారిని కొలుచుకుంటుంది, బండి నడుస్తున్నంత సేపూ కొలుస్తూనే ఉంటుంది. 2 ఓములు ఉండాల్సిన చోట పిన్నుకి పట్టిన చిలుము వల్ల ఇంకో రెండు మూడు ఓములు కలిశాయనుకోండి, ఎర్రలైటు వెలిగిస్తుంది. మామూలు బల్బుకో హారన్‌కో ఆ తేడా లెక్కలోకి రాదు. ఇక్కడ లెక్క. లైటు వెలిగిన తర్వాత చాలా కార్లలో ఆ బ్యాగు ఒక్కటే కాదు, మొత్తం వ్యవస్థే పని చేస్తుందన్న హామీ ఉండదు. తలుపు గుద్దుకున్నా బ్యాగు రాకపోవచ్చు. లైటు అర్థం అదీ.

పసుపు కప్లరు లోపల ఇంకో ఏర్పాటు ఉంది. దాన్ని ఊడదీయగానే చిన్న రాగిరేకు ఒకటి వచ్చి రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. షార్టింగ్ బార్ అంటారు. ఊడిన వైరులోకి పొరపాటున ఎక్కడి నుంచైనా కరెంటు వచ్చినా, ఒంట్లోని స్టాటిక్ తగిలినా బ్యాగు పేలకుండా కాపాడేది అదే. కప్లరు కోసేసి రెండు వైర్లూ మెలిపెట్టి టేపు చుట్టినవాళ్లు ముందుగా పారేసేది ఈ రేకునే. ఇగ్నైటర్ తీగకి మల్టీమీటరు పెట్టి ఓములు చూడబోవడం కూడా అంతే ప్రమాదం. మీటరు తన కరెంటు తాను పంపి కొలుస్తుంది. ఎయిర్‌బ్యాగ్ వైరు మీద మీటరు పిన్ను పెట్టొద్దని మా కుర్రాళ్లకి మొదటిరోజే చెబుతాను. దాన్ని చూడాలంటే బ్యాగు బదులు డమ్మీ లోడు తగిలించి, స్కానర్‌లో చూడాలి.

ఇవి పాడవడానికి వరదే రానక్కర్లేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ల కాళ్లు ముందు సీటు కిందకే పోతాయి. చెప్పుల మొన తగిలి తగిలి వైరు సాగుతుంది. గొడుగు, నీళ్ల బాటిల్, పిల్లల క్రికెట్ బంతి, అన్నీ అక్కడికే దొర్లుతాయి. సీటు వెనక్కి నెట్టినప్పుడు పట్టాలో వైరు ఇరుక్కుంటుంది. వాటర్ వాష్‌లో కుర్రాడు వ్యాక్యూమ్ గొట్టాన్ని సీటు కిందకి తోసి లాగుతాడు, కప్లరు లాకు విరుగుతుంది. సీటు కవర్ల షాపుల్లో సీటు విప్పి బిగించేటప్పుడు లాకుని నొక్కకుండా పీకుతారు. ఆ షాపుల వాళ్లకి ఇంకో మాట కూడా చెప్పాలి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకి పక్క కుట్టు తెరుచుకునే రకం కవరే వేయాలి. గట్టి రెక్సిన్ చుట్టూ కుట్టేస్తే, కప్లరు ఎంత బాగున్నా బ్యాగు బయటికి వచ్చే దారి ఉండదు.

తినే వస్తువుల సంగతి మనవాళ్లకి చెప్పినా పట్టదు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తారు, తాపేశ్వరం నుంచి కాజాలు తెస్తారు. పొడి రాలుతుంది, పాకం కారుతుంది. ఆ వాసనకి ఎలుక వస్తుంది. కోతలప్పుడు చేలల్లో మేత తగ్గి ఎలుకలు ఇళ్ల మీదకి, కొట్టాల మీదకి పడతాయి. డెల్టా రైతుకి ఎలుక ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు, గట్ల మీద బుట్టలు పెట్టి వాటిని పట్టించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. గడ్డివాము పక్కన కారు పెట్టి వారం తీయకపోతే సీటు కింద స్పాంజి కొరికి గూడు కట్టేస్తుంది. ఆ గూడు పక్కనే ఉండేది మన వైర్ల కట్ట. పంటి గాట్లు పడిన వైరు ఆ రోజు పని చేస్తూనే ఉంటుంది. వానాకాలం చెమ్మ తగిలినప్పుడు మొరాయిస్తుంది.

కారులో ఒలికే నీళ్లు మాత్రం అన్నిటికంటే ప్రమాదం, అందులోనూ ఉప్పునీళ్లు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులస కోసం ఎక్కడెక్కడి నుంచో కార్లు మన రేవులకి వస్తాయి. థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, పెట్టెని ముందు సీటు వెనకాల కాళ్ల దగ్గర పెట్టుకుని పోతారు. హైదరాబాదు చేరేలోపు ఐసు కరిగి నీళ్లు కార్పెట్టు కిందకి దిగుతాయి. భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు రొయ్యల రైతుల కార్లది మరో తీరు. మేత బస్తాలు, నెట్లు, చెరువు నీళ్ల శాంపిల్ బాటిళ్లు అన్నీ కారులోనే.

అటు నుంచి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. రైతుగారు వయసులో పెద్దాయన. లైటు ఎప్పుడూ వెలగదట, వాళ్లబ్బాయి బండి తీసినప్పుడే వెలుగుతుందట. “మావాడు నడిపితేనే వస్తుందండి. నేను నడిపితే రాదు. కంపెనీవాళ్లని అడిగితే సీటు కిందేదో లూజన్నారు” అన్నారు. అబ్బాయి పొట్టి, సీటు ముందుకి లాక్కుంటాడు. ఆ రెండు ముక్కల్లోనే సగం రోగం తెలిసిపోయింది. సీటు ముందుకి పోయినప్పుడు వైరు సాగి కప్లరు కదులుతోంది.

ముందు స్కానర్ పెట్టి కోడ్ చూశాను, డ్రైవర్ వైపు సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్సు ఎక్కువ అని. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టాం. వెంటనే చేయి పెట్టకూడదు. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా బ్యాగు పేలాలని మాడ్యూలు లోపల కెపాసిటర్లలో కరెంటు దాచుకుంటుంది, అది దిగాలి. కొన్ని కంపెనీలు నిమిషంన్నర అంటాయి, కొన్ని మూడు నిమిషాలు, కొన్ని పది. ఆ బండి పుస్తకం ఎంత చెబితే అంత ఆగాలి. తర్వాత బాడీ రేకుని ఓసారి చేత్తో ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకుని, సీటు నాలుగు బోల్టులూ విప్పి వెనక్కి వాల్చాం.

కార్పెట్టు మీద చేయి పెడితే చెమ్మ లేదు. కార్పెట్టు ఎత్తితే కింద ఫెల్టు తడిసి ఉంది, అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. ఎప్పుడో చెరువు నీళ్ల బాటిల్ మూత ఊడిపోయి ఒలికింది, పైన తుడిచారు, కింద నిలిచిపోయింది. పసుపు కప్లరు సగమే లోపలికి దిగి ఉంది, లాకు గోరు విరిగిపోయింది. పక్కనే బెల్టు బకిల్ స్విచ్చుది, తెల్ల కప్లరు. అందులో ఒక పిన్ను పూర్తిగా ఆకుపచ్చగా పొడి పొడిగా అయిపోయింది, దాని పక్క పిన్ను మామూలుగా ఉంది. ఎప్పుడూ కరెంటు ఉండే పాజిటివ్ పిన్ను ఉప్పునీళ్లలో అలాగే కరిగిపోతుంది. నీళ్లు, ఉప్పు, కరెంటు కలిస్తే రాగి పిన్ను నుంచి నీళ్లలోకి పోతుంది. అందుకే తడిసిన కారుకి ముందు బ్యాటరీ విప్పమని చెబుతాం. ఎండబెట్టడం ఆ తర్వాత.

“ఆ పసుపుది శుభ్రం చేసి, మంచి టేపు వేసి కట్టేయండి. ఇంత వైరు ముక్కకి కొత్తదంటే ఎంతవుతుందో!” అన్నారు రైతుగారు.

“పసుపు వైరు నేను కోయనండి. దానికి కంపెనీ వైరే తెప్పిద్దాం. తెల్లది మాత్రం ఇక్కడే బాగుచేస్తాను, మీరు కూర్చుని చూడండి” అన్నాను.

ఎయిర్‌బ్యాగ్ వైర్లని కోసి అతకడం చాలా కంపెనీలు ఒప్పుకోవు, హార్నెస్ మొత్తం మార్చమంటాయి. కొన్ని కంపెనీలు తామిచ్చిన కిట్టుతో, తాము చెప్పిన చోటే జాయింటు వేయొచ్చంటాయి. ఆ బండికి పుస్తకం మార్చమనే చెప్పింది. ఇందులో మన అనుభవానికీ చేతివాటానికీ చోటు లేదు. ఆ పిన్నులకి చాలాసార్లు బంగారు పూత ఉంటుంది. చిలుము వదులుతుందని గరుకు కాగితం పెట్టి రుద్దితే పూత పోయి, రెండు నెలలకి మళ్లీ మొదటికి వస్తుంది. పాత బండ్ల నుంచి తీసిన కప్లర్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి, వేరే సర్క్యూట్లకి నేనూ తెచ్చి వాడతాను. పసుపువి మాత్రం తేను. ఆ కప్లరు ఏ వరదలో మునిగిన బండిదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

తెల్ల కప్లరు పని ఎలా సాగిందో వివరంగా చెబుతాను. వైరింగు రిపేరంటే టేపు చుట్టడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఈ వివరం కావాలి.

కప్లరు లోపల ప్రతి పిన్నునీ ఒక చిన్న ప్లాస్టిక్ నాలుక పట్టుకుని ఉంటుంది. ఆ పైన ఇంకో లాకు, సాధారణంగా వేరే రంగులో ఉంటుంది. ముందు దాన్ని కొంచెం పైకి లేపాలి. తర్వాత సన్నటి పనిముట్టుతో నాలుకని నొక్కి పట్టి, వైరుని వెనక నుంచి మెల్లగా లాగితే పిన్ను వచ్చేస్తుంది. ఈ పనికి సెట్లు అమ్ముతారు. మేము పాత గొడుగు ఊచని ఎమెరీ మీద అరగదీసి చేసుకున్నవి కూడా వాడతాం, ఈ నాలుకలకి కావాల్సిన సన్నదనం వాటికి బాగా కుదిరింది. బలంగా లాగితే పిన్ను రాదు, నాలుక విరుగుతుంది. నాలుక విరిగిందా, కొత్త పిన్ను పెట్టినా నిలవదు, వెనక్కి జారిపోతుంది.

చిలుము పట్టిన పిన్నుని కోసేశాక వైరు తోలు ఒలిచి చూశాం. రాగి పోగులు నల్లగా ఉన్నాయి. తోలు లోపల పోగుల సందుల్లోంచి నీళ్లు పైకి పాకుతాయి, దీపం వత్తి నూనె పీల్చినట్టు. ఇంకో అంగుళం కోశాం, ఇంకా నలుపే. రాగి ఎర్రగా మెరిసే చోటు దొరికేదాకా కోస్తూ పోవాలి. నల్ల పోగుల మీద ఎంత మంచి పిన్ను నొక్కినా అది పట్టు కాదు. చివరికి అరచేయంత వైరు తీసేయాల్సి వచ్చింది. అదే మందం, అదే రంగు కొత్త వైరు కలిపాం.

జాయింటు క్రింప్ స్లీవుతో వేశాం. సోల్డరు మంచిది కాదా అని చాలామంది అడుగుతారు. కదలని చోట మంచిదే. సీటు కింద వైరు రోజూ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. సోల్డరు వైరులోకి పాకి గట్టిపడిన చోట, ఆ అంచు దగ్గరే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. క్రింప్ చేసేటప్పుడు కటింగ్ ప్లేయరుతో చిదమకూడదు, ఆ స్లీవు సైజుకి తగిన క్రింపింగ్ టూలే కావాలి. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. రాకపోతేనే జాయింటు. ఆ పైన లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు తొడిగి హాట్ గన్‌తో వేడి చేస్తే, జిగురు రెండు చివరలా కొంచెం బయటికి పొంగుతుంది. అలా పొంగిందంటే నీళ్లు దిగవు. రెండు మూడు వైర్లకి జాయింట్లు వేయాల్సి వస్తే అన్నీ ఒకే చోట వేయకూడదు, మెట్లు మెట్లుగా వేయాలి. లేకపోతే కట్ట ఒకచోట లావై పట్టాలో ఇరుక్కుంటుంది. మామూలు ఇన్సులేషన్ టేపు వేస్తే మన మే నెల ఎండకి, తలుపులు మూసిన కారులో జిగురు కరిగి చుట్టలు విడిపోతాయి. బట్ట టేపు వాడాలి.

ఇక ఆడ పిన్ను. దీని దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. దాని లోపల ఒక సన్నటి స్ప్రింగు రేకు ఉంటుంది, మగ పిన్నుని నొక్కి పట్టేది అదే. కరెంటు వస్తోందా అని చూడ్డానికి లావుపాటి టెస్టరు మొన లోపలికి గుచ్చితే ఆ రేకు వెడల్పయిపోతుంది. కంటికి బాగానే కనిపిస్తుంది, కప్లరు పెడితే క్లిక్కుమంటుంది, ఇంటికి పోయేదాకా పని చేస్తుంది. గతుకుల రోడ్డు ఎక్కాక లైటు మళ్లీ వస్తుంది. అందుకే కొలిచేటప్పుడు వెనక నుంచి, వైరు పక్కగా సన్నటి పిన్ను పెట్టి కొలవాలి. అనుమానం ఉంటే సరిపోయే మగ పిన్ను ఒక్కటే తీసుకుని ఆడ పిన్నులోకి దించి లాగాలి. చేతికి కొంచెం పట్టు తెలియాలి. పట్టు లేకుండా జారిపోతే ఆ పిన్ను మార్చాల్సిందే, నొక్కి సరిచేయడం కుదరదు.

పిన్ను కూర్చున్నాక నాలుక పట్టిందో లేదో వైరు లాగి చూసి, రెండో లాకు నొక్కి, కప్లరు కలిపాం. పెట్టేటప్పుడు చెవి దగ్గర పెట్టుకోవాలి, క్లిక్ వినపడాలి. తర్వాత కట్టని సీటు అడుగున దాని క్లిప్పులో పెట్టి, సీటుని ముందు చివర నుంచి వెనక చివర దాకా లాగి చూశాం, ఎక్కడా బిగుసుకోకూడదు. కార్పెట్టు, ఫెల్టు మొత్తం తీసి మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాం. ఉప్పు ఉండిపోతే ఎండినా గాలిలో చెమ్మ పీలుస్తుంది, మళ్లీ తడుస్తుంది. పసుపు హార్నెస్ వచ్చాక అదీ మార్చి, అన్నీ తగిలించిన తర్వాతే బ్యాటరీ పెట్టి, స్కానర్‌తో కోడ్ తుడిచాం. పసుపు కప్లరు ఊడి ఉండగా తాళం తిప్పితే కొత్త కోడ్ పడుతుంది, దాన్ని మళ్లీ తుడవాలి. సీటు బోల్టులు చేతి అంచనాతో బిగించలేదు, టార్క్ రెంచితో పుస్తకం చెప్పినంత బిగించాం. గుద్దులో మనిషిని పట్టుకునేది బెల్టైతే, సీటుని పట్టుకునేది ఆ నాలుగు బోల్టులే.

బకిల్ స్విచ్చు అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. చాలా కార్లలో బెల్టు పెట్టుకున్నారా లేదా అన్నది బట్టి ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు పేలాలో మాడ్యూలు నిర్ణయించుకుంటుంది. బీప్ శబ్దం పడక కొందరు ఆ వైర్లు కోసి కలిపేయిస్తారు. కొందరు బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చుతారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ క్లిప్పుల అమ్మకం ఆపమని ఐదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకి ఆదేశాలిచ్చింది. అంత దాకా వెళ్లిందంటే ఎంతమంది కొంటున్నారో చూడండి. సంక్రాంతికి కోడిపందేలకి భీమవరం వచ్చే కార్లలో, హైవే మీద గంటకి వంద దాటి పోయే కార్లలో ఈ క్లిప్పులు నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. పసుపు కప్లరు విప్పేసి, బ్యాగు బదులు 2 ఓముల రెసిస్టరు పెడతారు. చేతిలో గింజంత వస్తువు. మాడ్యూలు కొలుచుకుంటే 2 ఓములే కనిపిస్తాయి, అంతా బాగుందనుకుని లైటు ఆర్పేస్తుంది. బ్యాగు మాత్రం ఏ వైరుకీ తగిలి ఉండదు. డబ్బులిచ్చిన మనిషి సంతోషంగా పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోతాడు. వరదలో మునిగిన బండ్లని తక్కువకి కొని, ఇలా చేసి, దూరపు జిల్లాల్లో అమ్మేవాళ్లున్నారు. ఈ పని చేసే చెయ్యి ఎవరిదైనా సరే, దాన్ని రిపేరు అనకూడదు. తోటి మెకానిక్కులకి ఈ మాట ముఖం మీదే చెబుతాను. మనల్ని నమ్మి తాళం చేతిలో పెట్టిన మనిషికి మనం ఇవ్వాల్సింది ఆరిన లైటు కాదు, పని చేసే బ్యాగు.

కారున్నవాళ్లు ఇంట్లోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, వీటికి పనిముట్లేవీ అక్కర్లేదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించండి, బల్బు ఎవరో తీసి ఉండొచ్చు. పాత కారు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. తర్వాత ముందు సీటు కింద టార్చి వేసి చూడండి. చేయి పెట్టొద్దు, చూడండి చాలు. వైరు వేలాడుతోందా, టేపు చుట్టలున్నాయా, పసుపు కప్లరు పక్కన చేతికుట్టు లాంటి జాయింట్లున్నాయా. సీటు పట్టాలు, బోల్టులు తుప్పు పట్టి, కార్పెట్టు కింద బురద చార ఉంటే ఆ బండి నీళ్లలో నానిందే. లైటు ఎప్పుడు వస్తోందో గుర్తు పెట్టుకోండి. సీటు జరిపినప్పుడా, వాన పడిన రోజా, వాటర్ వాష్ తర్వాతా? ఆ ఒక్క మాట మెకానిక్కి సగం రోజు పని తగ్గిస్తుంది.

సీటు కింద ఏదీ దాచొద్దు. చేపల పెట్టెనీ, నీళ్ల శాంపిళ్లనీ డిక్కీలో ప్లాస్టిక్ ట్రే మీద పెట్టండి. వాటర్ వాష్ కుర్రాడికి సీటు కింద నీళ్లు కొట్టొద్దని, గొట్టం తోయొద్దని ముందే చెప్పండి. వరద నీళ్లు సీటు దాకా వచ్చిన బండిని స్టార్ట్ చేసి చూడొద్దు. ముందు బ్యాటరీ విప్పించి, ఫోటోలు తీసి, ఇన్సూరెన్సు వాళ్లకి తెలియజేయండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు కూడా గేర్ రాడ్ దగ్గర నేల మీదే ఉంటుంది, అది తడిసిందేమో కూడా చూడమని పట్టుబట్టండి.

రిపేరు ఎక్కడ చేయించుకున్నా సరే, డబ్బులిచ్చే ముందు రెండు అడగండి. మార్చిన పాత కప్లరు చేతిలో పెట్టమనండి. స్కానర్‌లో కోడ్ పోయిందని మీ కళ్లతో చూపించమనండి. నిజంగా పని చేసినవాడు ఈ రెండింటికీ వెనకాడడు. జూన్ వచ్చేలోపు, గోదావరికి ఎర్రనీళ్లు దిగకముందే, ఓ ఆదివారం టార్చి తీసుకుని మీ కారు ముందు సీట్ల కింద చూడండి.